ఆ బొమ్మల సినిమా చూశాక తిట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఎవరింట్లో చావు జరిగినా పెద్దకర్మ కూడా కాకముందే దాని మీద షార్ట్ ఫిల్ములు తీసి వదులుతున్నారని ఆయన బాధ. అంతవరకు నాకూ పేచీ లేదు. కానీ చివర్లో ఆయన ఈ రోగానికి మూలం అమెరికా అనీ, 1987లోనే అక్కడ ఎవడో పిచ్చివాడు చనిపోయిన గాయనిని బార్బీ బొమ్మలతో ఎగతాళి చేస్తూ సినిమా తీస్తే కోర్టు నిషేధించి మంచి పని చేసిందనీ రాశారు. అయ్యా, మీరు ఆ సినిమా చూడలేదు. చూసుంటే 'ఎగతాళి' అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు కాదు. నేను మూడుసార్లు చూశాను, ఎందుకు చూడాల్సి వచ్చిందో కూడా చెప్తాను.

ముందు సినిమా సంగతి. పేరు 'సూపర్‌స్టార్: ది కారెన్ కార్పెంటర్ స్టోరీ'. తీసినతను టాడ్ హేన్స్, అప్పటికి 26 ఏళ్లవాడు, న్యూయార్క్ రాష్ట్రంలో బార్డ్ కాలేజీ అని ఉంది, అక్కడ చదువుకుంటూ తీశాడు. సింథియా ష్నైడర్ అనే ఆవిడ కూడా కలిసి రాసింది. 16 ఎం.ఎం. ఫిల్ము, 43 నిమిషాలు. కథంతా బార్బీలాంటి బొమ్మలే నడుపుతాయి. బొమ్మలకు తగ్గ బుల్లి ఇల్లు, బుల్లి భోజనాల బల్ల, బుల్లి మైకు, వెనక మాత్రం మనుషుల గొంతులు. మధ్యమధ్యలో వియత్నాం యుద్ధం, అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆనాటి టీవీ ముక్కలు, ఆ గాయనిని తినేసిన అనొరెక్సియా అనే తిండి మానేసే జబ్బు గురించి డాక్యుమెంటరీలో చెప్పినట్టు గంభీరంగా ఒక గొంతు.

కార్పెంటర్స్ అంటే వడ్రంగులనుకునేరు, అది ఇంటిపేరు, వాళ్ల పాటల జట్టు పేరూ అదే. అన్న రిచర్డ్, చెల్లెలు కారెన్. ఆ పిల్ల మొదట డ్రమ్స్ వాయించేది, పాడటం తర్వాత. 1970లో 'క్లోజ్ టు యూ' పాట అమెరికాలో నంబర్ వన్ అయింది, అక్కడి నుంచి ఇంటింటి పేరు. 1973లో వైట్ హౌస్‌లో పాడితే యువ అమెరికా అంటే ఇదీ అన్నట్టు నిక్సన్ పొగిడాడు. బయట వియత్నాం మంటలు, వాటర్‌గేట్ కుంభకోణం కంపు, లోపల ఈ చక్కని అన్నాచెల్లెళ్ల తియ్యటి పాటలు. ఆ చక్కదనం వెనక ఆ అమ్మాయి తిండి మానేస్తూ వచ్చింది. 1975లో ఒంట్లో శక్తి లేక విదేశీ టూర్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. 1983 ఫిబ్రవరి 4న కాలిఫోర్నియాలోని డౌనీ అనే ఊర్లో, కన్నవాళ్లింట్లో, పొద్దున కుప్పకూలింది. గుండె ఆగింది. ఇంకో నెల ఉంటే 33 నిండేవి. అనొరెక్సియా అన్న జబ్బు పేరు మామూలు జనం నోట పడింది ఆ చావు తర్వాతే.

(అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న మెక్‌డొనాల్డ్స్ దుకాణాల్లో అన్నిటికంటే పాతది, 1953 నాటిది, ఉన్నది కూడా ఆ డౌనీలోనే. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇలాంటి చేదు పోలిక తట్టగానే చెయ్యి ఊరుకోదు, వ్యంగ్యం రాసేవాళ్ల అవస్థ ఇదే కాబోలు.)

ఇక నా సంగతి. నేను కోర్టులో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఇంగ్లీషు పాటలు వినే అలవాటు లేదు, మా రేడియోలో వివిధ భారతి దాటితే క్రికెట్ కామెంటరీ. మా అమ్మాయి బెంగళూరులో ఇంజనీరింగ్ చేరింది. మొదటి ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు కొంచెం సన్నబడింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "చిక్కినా చక్కగా ఉంది" అన్నారు. నేనూ అన్నాను. రెండో ఏడాది ఉగాదికి వస్తే చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మా అమ్మ దిష్టి అంది, ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి నిప్పుల్లో వేసింది. మా బావమరిది గ్యాస్ ట్రబుల్ అన్నాడు. నేను హాస్టల్ తిండిని తిట్టాను. పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుంటుందే గానీ ముద్ద నోట్లోకి పోవడం లేదని ముందుగా కనిపెట్టింది మా ఆవిడ, కనిపెట్టినందుకు మేమంతా కలిసి ఆవిడనే అన్నాం, చిన్నప్పుడు నువ్వు 'లావైపోతున్నావే' అని వెంటపడబట్టే కదా అని. ఆసుపత్రి, సైకియాట్రిస్టు, ఒక సెమిస్టర్ పోవడం, అవన్నీ ఇక్కడ రాయను. ఇప్పుడు బాగుంది. పూర్తిగానా అంటే, డాక్టరు కూడా ఆ మాట అనలేదు.

కాస్త కోలుకున్నాక ఒక రాత్రి ఫోన్లో లింకు పంపింది, "నాన్నా, ఇది చూడు, మధ్యలో ఆపొద్దు" అని. చూడబోతే బొమ్మలు. అదీ కాపీకి కాపీ తీసిన వీడియో క్యాసెట్టు నుంచి ఎక్కించింది, రంగులు కరిగిపోయి, మొహాలు అలుక్కుపోయి, పాట సాగిపోయి. మా రోజుల్లో వీడియో పార్లర్లలో దొంగ క్యాసెట్లు చూసినవాళ్లకు తెలుస్తుంది ఆ ప్రింటు. మొదటి ఐదు నిమిషాలు నాకు నవ్వాగలేదు. బొమ్మకు నోరు కదలదు, తల ఊపుతుంటే వెనక నుంచి మాటలు. ఇదేం పిల్లలాటరా అనుకున్నాను. తర్వాత్తర్వాత చూస్తే కారెన్ బొమ్మ చేతులు సన్నబడ్డాయి, బుగ్గలు లోపలికి పోయాయి. హేన్స్ ఆ ప్లాస్టిక్ బొమ్మను కత్తితో కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ పోయాడట. నవ్వు ఎక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు. మా అమ్మాయి గాజులు గుర్తొచ్చాయి.

బార్బీ 1959లో పుట్టిన బొమ్మ, ఆ నడుము కొలత ప్రాణమున్న ఏ ఆడపిల్లకూ ఉండదు. ఆడపిల్ల అలా ఉండాలని ఆశపెట్టే బొమ్మనే తెచ్చి, ఆ ఆశకే బలైన అమ్మాయి పాత్ర ఇచ్చాడు. ఇది ఆ చనిపోయిన పిల్ల మీద ఎగతాళి ఎట్లా అవుతుంది? ఆమెను అద్దంలా మెరిపించి అమ్ముకున్న కంపెనీ మీద, మా పిల్లలు మంచి పిల్లలు అని మురిసిపోయిన దేశం మీద, పక్కనే కూర్చుని పళ్ళెం చూడని ఇంటి మీద. నన్నడిగితే నా మీద కూడా.

మాది ధర్మవరం. పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. నా చిన్నప్పుడు వేసవిలో రాత్రంతా ఆట ఆడేవాళ్లు, లక్ష్మణ మూర్ఛ అంటే చాలు ఆడవాళ్లు ముందే కొంగులు సర్దుకుని కూర్చునేవాళ్లు. తెర మీద తమ్ముడు పడిపోయి ఉంటాడు, రాముడు వాడి తల ఒళ్ళో పెట్టుకుని రాగం తీసి ఏడుస్తుంటాడు, మేమంతా ముక్కులు చీదుకుంటుంటే సరిగ్గా అప్పుడు ఎగురుకుంటూ వచ్చేవాడు కేతిగాడు, ఆటలో నవ్వించే బొమ్మ. వెనకాలే బంగారక్క. వాళ్లు మాట్లాడే మాటలు ఈ పత్రికలో అచ్చు వేయలేరు. ఏడ్చే జనం పకపకా నవ్వేవాళ్లు. ఎవరూ లేచి, రాముడి దుఃఖాన్ని అవమానించారని గొడవ చేయలేదు. కేతిగాడు రాముణ్ణి ఒక్క మాట అనడు, వాడు తిట్టేది ఊరి కరణాన్ని, వడ్డీ వ్యాపారిని, ముందు వరసలో కూర్చున్న మోతుబరిని. ఏడుపు మధ్యలో వాడొచ్చి వెళ్లాక మళ్లీ రాగం అందుకుంటే ఆ ఏడుపు ఇంకా లోతుగా దిగేది. ఎందుకో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. ఆ పెద్దాయన కూడా మన సీమ మనిషే అనుకుంటాను ఉత్తరం కింద ఊరు చూస్తే, ఆయనకీ ఈ ఆటలు తెలిసే ఉంటాయి. తోలుబొమ్మకు లేని అభ్యంతరం ప్లాస్టిక్ బొమ్మకు ఎందుకండీ?

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. ఇదే కథ మీద కుటుంబం ఒప్పుకుని తీయించిన సినిమా కూడా ఉంది. 1989 జనవరి 1న సీబీఎస్ టీవీలో వచ్చింది. అన్న రిచర్డే దగ్గరుండి పనిచేశాడు. షూటింగ్ ఎక్కడనుకున్నారు, ఆమె కుప్పకూలిన ఆ డౌనీ ఇంట్లోనే. హీరోయిన్‌కు వేసినవాటిలో కారెన్ బట్టలే ఉన్నాయి. పాత్ర కోసం ఆ నటి బరువు కూడా తగ్గింది. మళ్లీ చదవండి ఈ వాక్యం, తిండి మానేసి పోయిన పిల్ల కథ చెప్పడానికి ఇంకో పిల్లను చిక్కించారు. జనం విరగబడి చూశారు. ఆ సినిమా చేసి తప్పు చేశానని రిచర్డ్ తర్వాత అనుకున్నాడు. మర్యాదగల సినిమా అదీ, అమర్యాద సినిమా ఇదీ. దీంట్లో చెక్కింది ప్లాస్టిక్కును.

సరే, కోర్టు. పెద్దాయన రాసినట్టు చనిపోయిన ఆమె గౌరవం కాపాడటానికి కోర్టు నిషేధించలేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా దావా కాగితాల మధ్య బతికినవాణ్ణి, అందుకే ఈ ముక్క దగ్గర నాకు ఊరుకోబుద్ధి కాదు. హేన్స్ తన సినిమాలో కార్పెంటర్స్ పాటలు అనుమతి లేకుండా వాడుకున్నాడు. రిచర్డ్ దాని మీదే కేసు వేశాడు, కాపీరైటు కేసు, 1990లో గెలిచాడు. కాపీలన్నీ వెనక్కి తెప్పించి నాశనం చేయాలి, ఎక్కడా ప్రదర్శించకూడదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ దగ్గర ఒక ప్రింటు ఉంది, వాళ్లూ చూపించరు. డబ్బంతా అనొరెక్సియా పరిశోధనకే ఇస్తాను, ఆసుపత్రుల్లో బళ్లలో మాత్రమే చూపిస్తాను అని హేన్స్ అడిగినా ఒప్పుకోలేదు. అంటే మా అమ్మాయిలాంటి పిల్లలకు పనికొచ్చే చోటు కూడా మూసేశారు. అమెరికాలో చనిపోయినవాళ్ల పరువు నష్టం మీద దావా నిలబడదు, బతికున్న ప్రముఖుడైతే గెలవడం గగనం. పాటలైతే సులువు, పాటకు యజమాని ఉంటాడు, రసీదు ఉంటుంది. తన చెల్లెల్ని అలా చూపించారన్న కోపం ఒక మనిషికి ఉంటే దాన్ని తీసుకెళ్లి పాటల పద్దులో రాసుకోవాల్సి వచ్చింది. అతని కోపం నాకు అర్థమవుతుంది. ఆ తీర్పును పరువు కాపాడిన తీర్పు అంటే మాత్రం ఒప్పుకోను.

మన దగ్గర వేరు. ఐపీసీ 499 మొదటి వివరణలోనే ఉంది, చనిపోయిన మనిషి మీద నింద వేసినా, బతికుంటే పరువు పోయేదై, దగ్గరివాళ్ల మనసు నొప్పించాలన్న ఉద్దేశం ఉంటే అదీ పరువు నష్టమే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 356కు మారింది. కాబట్టి మన యూట్యూబ్ కుర్రాళ్ల మీద కోపమున్నవాళ్లకు దారి లేకపోలేదు. వాయిదాల సంగతి నన్నడగకండి.

ఇంతా చెప్పి, పెద్దాయన కోపంలో న్యాయమున్న చోటు కూడా చెప్పకపోతే నాది వాదన కాదు వకాల్తా అవుతుంది. ఆ సినిమాలో తల్లి బొమ్మ ఉంది. ఆగ్నెస్, కారెన్ తల్లి. కూతుర్ని గుప్పిట్లో పెట్టుకుని, ఏదీ నిర్ణయించుకోనివ్వక, కొడుకు కోసం కూతుర్ని వాడుకునే మనిషిగా చూపించాడు, గొంతు కూడా రాక్షసిలా. అన్నయ్యను కూడా వదల్లేదు, అతని సొంత జీవితం మీద సైగలు చేశాడు. చచ్చినవాడి కళ్ళు చారడేసి అంటారే, కారెన్‌కు చారడేసి కళ్ళు పెట్టి ఉన్నవాళ్లకు కోరలు పెట్టాడు. సినిమా వచ్చిన 1987లో ఆ తల్లీ తండ్రీ ఇద్దరూ బతికే ఉన్నారు. తండ్రి మరుసటేడు పోయాడు, తల్లి 1996 దాకా ఉంది. కారెన్ 1980 ప్రాంతంలో న్యూయార్క్ వెళ్లి సొంతంగా పాడుకున్న ఆల్బమ్ ఒకటి ఎవరికీ నచ్చలేదని అటకెక్కించారు, అది బయటికొచ్చింది కూడా ఆ 1996లోనే. ఆ ఇంట్లో పట్టు బిగువు లేదని నేను అనను. కానీ ఆ జబ్బు ఒక తల్లి నోటి వల్లే వస్తుందా? మా డాక్టరు మొదటి రోజే మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది, ఎవరి తప్పో వెతకడానికి వచ్చుంటే వేరే చోటికి వెళ్లండి అని.

రెండోసారి చూసినప్పుడు మా ఆవిడ కూడా పక్కన కూర్చుంది. ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది ఆవిడకు. తల్లి బొమ్మ కేకలు వేసే చోట లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆపేసి వెనకాలే వెళ్లాను. పొయ్యి వెలిగించలేదు, గట్టు తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. "సినిమాకీ కావాల్సి వచ్చానా నేను?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి కొంచెం గట్టిగానే అడిగాను, అమ్మ చూస్తుందని తెలిసి ఎందుకు పంపావు అని.

"నేను నీకు పంపాను నాన్నా, అమ్మకు కాదు. అందులో తండ్రి బొమ్మ ఏం చేస్తుందో చూశావా?"

మూడోసారి చూసింది అందుకే. తండ్రి బొమ్మ పెద్దగా ఏమీ చేయదు. పక్కన ఉంటుంది.

హేన్స్ తర్వాత పెద్ద దర్శకుడయ్యాడు. 2023లో తీసిన 'మే డిసెంబర్' కూడా అమెరికాలో నిజంగా జరిగిన ఒక కుటుంబం గొడవ నుంచి పుట్టిందే, ఆ గొడవలో చిన్నతనంలోనే నలిగిపోయిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు, నన్నొక మాటైనా అడగలేదని బాధపడ్డాడు. ముప్పై ఆరేళ్ల తర్వాత కూడా అదే తలుపు, తట్టకుండానే లోపలికి. అతని మీద నాకు గౌరవం ఉంది, ఈ కోపమూ ఉంది, రెండూ ఒక్కసారే ఉంటున్నాయి.

ఇక మన షార్ట్ ఫిల్ముల సంగతి. మా వీధిలోనే ఒక ఇంట్లో ఇంటర్ ఫలితాల రోజు జరగకూడనిది జరిగితే, నెల తిరక్కుండా దాన్ని కామెడీగా తీసి వదిలారు కొందరు కుర్రాళ్లు. ఆ తల్లిదండ్రుల్లా మాట్లాడటం, ఆ పిల్లాడి మార్కులు చదివి నవ్వడం. అందులో కాలేజీ లేదు, ర్యాంకుల ఫ్లెక్సీలు లేవు, ఫీజులు లేవు, ఆ పిల్లాడు మాత్రమే ఉన్నాడు. పెద్దాయన తిట్లు దానికి పూర్తిగా వర్తిస్తాయి, నావి కూడా కలుపుకోమనండి. కేతిగాడు వచ్చి ముందు వరస మోతుబరికి దండం పెట్టి, పడిపోయి ఉన్న లక్ష్మణుణ్ణి తన్నినట్టుంది అది. దాన్నీ హేన్స్ సినిమానీ ఒకే గాటన కట్టొద్దనే ఇంత పొడుగు ఉత్తరం.

ఆ సినిమా ఇప్పుడూ ఇంటర్నెట్‌లో అక్కడక్కడా దొరుకుతుంది, తీసేస్తే మళ్లీ ఎవరో పెడతారు. పెద్దాయన చూడదలుచుకుంటే ఒంటరిగా చూడమని నా మనవి. ఇంట్లో తిండి దగ్గర పేచీ పడే పిల్ల ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, సినిమా తర్వాత చూడొచ్చు, అది మందు కాదు.

ఉత్తరం పెద్దదైంది, కత్తిరించుకోండి. తల్లి బొమ్మ గురించి రాసింది మాత్రం తీసేయకండి. నా పేరు వేయొద్దు, ఊరు పేరు చాలు. మా ఆవిడ రోజూ మీ పత్రిక చదువుతుంది, చదవగానే ఎవరు రాశారో తనకు ఎలాగూ తెలిసిపోతుంది.

ఇట్లు
మీ పాఠకుడు,
ధర్మవరం